టాటానగర్‌లో కొన్నా, లూధియానాలో కొన్నా ఒకటే ధర

పన్నుల వాటా విషయంలో దక్షిణాది రాష్ట్రాలకు, ఢిల్లీకి మధ్య నడుస్తున్న తగవు ఇప్పట్లో చల్లారేలా లేదు. 2024 ఫిబ్రవరి 7న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య తన మంత్రులను, శాసనసభ్యులను వెంటబెట్టుకుని జంతర్ మంతర్ వద్ద ధర్నాకు కూర్చున్నారు. మర్నాడు కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ అక్కడికే వచ్చారు. ఇద్దరి వాదనా ఒకటే: మేము కట్టేది ఎక్కువ, మాకు తిరిగి వచ్చేది తక్కువ. పదిహేనవ ఆర్థిక సంఘం పంపకంలో ఉత్తరప్రదేశ్ వాటా 17.939 శాతం, బిహార్ వాటా 10.058 శాతం. ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102. అయిదు దక్షిణాది రాష్ట్రాల వాటాలు కలిపినా 16 శాతానికి చేరవు. ఈ అంకెలు చూసిన హైదరాబాదు, బెంగళూరు మధ్యతరగతికి కడుపు మండుతోందంటే ఆశ్చర్యమేమీ లేదు. ఆ మంటలోంచే ‘మా సొమ్ముతో బిహార్‌ను పోషిస్తున్నాం’ అనే మాట పుట్టింది. సామాజిక మాధ్యమాల్లో మొదలైన ఆ మాట ఇప్పుడు శాసనసభల దాకా వచ్చింది.

ఈ మాట అనేవారు ఖాతా పుస్తకాన్ని 1991 నుంచి తెరుస్తారు. సాఫ్ట్‌వేర్, ఔషధాలు, మోటారు వాహనాలు, పన్ను వసూళ్లు అన్నీ ఆ పేజీల్లోనే ఉన్నాయి కనుక అక్కడ మొదలుపెట్టడం వారికి అనుకూలం. అంతకు ముందున్న ముప్ఫై అయిదేళ్ల పేజీలు తిరగేస్తే అందులో జమ, ఖర్చుల వరుస తారుమారుగా ఉంటుంది. బిహార్ తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. సమాఖ్యలో ఎవరు ఎవరికి బాకీ అన్న ప్రశ్న లేవదీసినప్పుడు పూర్తి లెక్క చూడాలన్నదే నా పట్టుదల.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి అవిభక్త బిహార్, పశ్చిమ బెంగాల్ కలిసి దేశ భారీ పరిశ్రమకు పుట్టినిల్లు. ఝరియా, రాణీగంజ్ బొగ్గు, సింగ్‌భూమ్ ఇనుప ఖనిజం, కోడెర్మా అభ్రకం, జంషెడ్‌పూర్‌లో టాటాల ఉక్కు కర్మాగారం, బర్న్‌పూర్‌లో ఇస్కో, సోన్ నది ఒడ్డున దాల్మియానగర్‌లో సిమెంటు, చక్కెర, కాగితం మిల్లులు అన్నీ అక్కడే ఉండేవి. హౌరాలోని ఇంజనీరింగ్ వర్క్‌షాపులను చూసి ఆ ఊరిని తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. ప్రభుత్వ రంగంలో తొలి పెద్ద ఎరువుల కర్మాగారం 1951లో సింద్రీలో ఉత్పత్తి ప్రారంభించింది. దామోదర్ లోయ కార్పొరేషన్ 1948లోనే ఏర్పడింది. ఉక్కు పక్కన యంత్రాల పరిశ్రమ, దాని పక్కన విడిభాగాల పరిశ్రమ పెరగడం లోకరీతి. జర్మనీలోని రూర్ లోయలో, అమెరికాలోని పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల జరిగింది అదే. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి చుట్టూ కూడా అదే జరగవలసి ఉంది.

జరగకపోవడానికి ఒక ప్రభుత్వ నిర్ణయం గట్టి కారణమైంది. 1950ల మధ్యలో, టి.టి. కృష్ణమాచారి పరిశ్రమల వ్యవహారాలు, ఉక్కు శాఖ చూస్తున్న కాలంలో, కేంద్రం ఉక్కుకు, సిమెంటుకు రవాణా చార్జీల సమీకరణను అమల్లోకి తెచ్చింది. ఫ్రయిట్ ఈక్వలైజేషన్ అనే పేరుతో పార్లమెంటు చర్చల్లోనూ, బెంగాలీ పత్రికల్లోనూ దశాబ్దాలపాటు నలిగిన విధానం ఇదే. దాని సూత్రం చాలా సరళం. దేశంలో ఏ రైల్వే స్టేషన్‌లో దించుకున్నా టన్ను ఉక్కు ధర ఒకటే. అలా ఉండాలంటే దేశం మొత్తం మీద అయ్యే రవాణా ఖర్చుకు సగటు కట్టి, ఆ సగటును ప్రతి టన్ను ధరలోనూ కలపాలి. దగ్గరి కొనుగోలుదారు అదనంగా కట్టింది ఒక నిధిలో చేరుతుంది. దూరపు కొనుగోలుదారు తక్కువగా కట్టిన మేరకు ఆ నిధి భర్తీ చేస్తుంది.

ఊహకు కొన్ని అంకెలు అనుకుందాం. జంషెడ్‌పూర్ నుంచి దగ్గరి ఊరికి టన్ను ఉక్కు చేర్చడానికి 20 రూపాయలు, లూధియానాకు 180 రూపాయలు అవుతుందనుకోండి. సగటు 100. దగ్గరివాడు 20కి బదులు 100 కడతాడు, దూరపువాడు 180కి బదులు 100 కడతాడు. దగ్గరివాడు అదనంగా కట్టిన 80 రూపాయలే దూరపువాడికి మిగిలిన 80 రూపాయలు. ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క పైసా కదలలేదు కనుక ఇది బడ్జెట్‌లో సబ్సిడీగా ఎక్కడా కనిపించదు, దీనిపై ఏ ఆర్థిక సంఘమూ తీర్పు చెప్పదు. కర్మాగారం గోడ పక్కనే వర్క్‌షాపు పెట్టుకున్నవాడు రైలెక్కని ఉక్కుకు కూడా రైలు చార్జీ కట్టాడు. పేద ప్రాంతపు చిన్న పరిశ్రమ నుంచి సంపన్న ప్రాంతపు పరిశ్రమకు ఏళ్ల తరబడి సాగిన ఈ సొమ్ము బదిలీని నేటి పన్నుల పంపకపు పట్టికల పక్కన పెట్టి చూసినవారు తక్కువ.

విధాన నిర్ణేతలకు దురుద్దేశం అంటగట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు. 1956 ఏప్రిల్ 30 నాటి పారిశ్రామిక విధాన తీర్మానం ప్రాంతాల మధ్య అభివృద్ధి తేడాలను క్రమంగా తగ్గించాలని స్పష్టంగా చెప్పింది. దేశ విభజన దెబ్బకు పంజాబ్ పరిశ్రమ ఛిన్నాభిన్నమైంది. కోయంబత్తూరులో మోటారు పంపులు, లూధియానాలో సైకిళ్లు, రాజ్‌కోట్‌లో డీజిల్ ఇంజన్లు చేసే చిన్న కర్మాగారాలకు ఉక్కు అందుబాటు ధరలో దొరకాలనుకోవడంలో తప్పేముంది? ఉక్కు దేశానిది, దాని మీద అందరికీ సమాన హక్కు ఉండాలన్న భావన ఆ కాలపు ఆదర్శాలకు తగినదే.

చిక్కు వచ్చింది ఆ ఆదర్శాన్ని ఒక్క దిక్కుకే వర్తింపజేయడంలో. ఉక్కు దేశానిదైతే పత్తి ఎవరిది? పట్నాలో నూలు మిల్లు పెట్టాలనుకున్నవాడు విదర్భ నుంచో, గుజరాత్ నుంచో వచ్చే పత్తికి పూర్తి రవాణా ఖర్చు తన జేబులోంచే కట్టుకోవాలి. పత్తికి సమీకరణ లేదు. నూనెగింజలకు లేదు. రసాయన పరిశ్రమ ముడిపదార్థాలకు లేదు. బొంబాయి, మద్రాసు ఓడరేవులకు దగ్గరగా ఉండడం వల్ల కలిగే లాభాన్ని సగటు కట్టి గయకో, ముజఫర్‌పూర్‌కో పంచాలని ఎవరికీ తోచలేదు. పశ్చిమ తీరానికి ప్రకృతి ఇచ్చిన అనుకూలత దాని సొంత ఆస్తిగా మిగిలింది, తూర్పుకు ప్రకృతి ఇచ్చిన అనుకూలత జాతి ఆస్తి అయింది. బొగ్గు ఈ పథకంలో నేరుగా లేదు. అయితే దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు చార్జీ తగ్గిపోయే రైల్వే పద్ధతి బొగ్గు విషయంలోనూ దూరపు కొనుగోలుదారుకే మేలు చేసింది.

అమెరికాలో ఇలాంటి తగవే ఒకటి నడిచింది. అక్కడ ఉక్కు ఎక్కడ తయారైనా పిట్స్‌బర్గ్ నుంచి వచ్చినట్టే లెక్కగట్టి రవాణా చార్జీ కలిపి అమ్మేవారు. అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరంలో తయారైన ఉక్కును పొరుగూరి వాడు కొన్నా ఈ లేని ప్రయాణానికి ఖర్చు కట్టవలసి వచ్చేది. పేద దక్షిణ రాష్ట్రాల పరిశ్రమను ఈ పద్ధతి తొక్కేస్తోందన్న ఫిర్యాదు విన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1924లో దాన్ని మానుకోవాలని ఉక్కు కంపెనీని ఆదేశించింది. అక్కడ ఆ పని చేసింది ఒక ప్రైవేటు కంపెనీ, అడ్డుకున్నది ప్రభుత్వం. మూడు దశాబ్దాల తర్వాత మన దగ్గర ప్రభుత్వమే అలాంటి ఫలితాన్నిచ్చే పద్ధతిని చేతులారా కట్టింది.

అమ్మకపు పన్ను కథ దీనికి తోడు. 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ఉక్కును, బొగ్గును ప్రత్యేక ప్రాముఖ్యం గల సరుకులుగా ప్రకటించి, వాటిపై రాష్ట్రాలు వేసే పన్నుకు గరిష్ఠ పరిమితి పెట్టింది. అంతటితో ఆగలేదు. కర్మాగారం తన ఉక్కును వేరే రాష్ట్రంలోని సొంత గిడ్డంగికి పంపుకుంటే అది అమ్మకం కిందికి రాదు, కనుక పన్నే లేదు. ఉక్కు తయారైన రాష్ట్రం చేతులు కట్టుకుని చూడాలి. ఇలాంటి సరఫరాలపై పన్ను వేసే వీలు కల్పిస్తూ 1982లో 46వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. ఆ అధికారాన్ని అమలు చేయడానికి కావలసిన చట్టాన్ని మాత్రం పార్లమెంటు ఏనాడూ చేయలేదు. ఇక ఖనిజాల మీద రాయల్టీ రేటు నిర్ణయించే అధికారం 1957 నాటి గనుల చట్టంతో కేంద్రం చేతికి పోయింది. బొగ్గుకు టన్నుకు ఇంత అని రూపాయల్లో కట్టిన రేటు ధరతోపాటు పెరిగేది కాదు. దాన్ని పూర్తిగా ధరలో శాతంగా, 14 శాతంగా, మార్చడానికి 2012 దాకా ఆగవలసి వచ్చింది.

తవ్వినచోట రాయల్టీ అరకొర, తయారైనచోట అమ్మకపు పన్ను అరకొర. మరి లాభం మీద పన్ను? టాటా స్టీల్ రిజిస్టర్డ్ కార్యాలయం ముంబయిలో, సెయిల్‌ది ఢిల్లీలో. ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ సొమ్ము మహారాష్ట్ర పేరిటో, ఢిల్లీ పేరిటో నమోదవుతుంది. ‘ఏ రాష్ట్రం ఎంత కట్టింది’ అని వాట్సాప్‌లో తిరిగే పట్టికలు సాధారణంగా ఈ వసూళ్ల మీదే ఆధారపడతాయి. పన్ను ఎక్కడ కట్టారన్నది అవి చెబుతాయి. ఆ సంపద ఏ గనిలో, ఎవరి చెమటతో పుట్టిందో వాటిలో ఉండదు.

తూర్పు రాష్ట్రాలు మౌనంగా ఏమీ లేవు. జ్యోతి బసు ప్రభుత్వం, దాని ఆర్థిక మంత్రి అశోక్ మిత్ర ఈ విధానాన్ని కేంద్ర వివక్షకు ప్రధాన నిదర్శనంగా ప్రతి వేదిక మీదా ఎత్తిచూపారు. 1980లో నివేదిక ఇచ్చిన బి.డి. పాండే అధ్యక్షతలోని జాతీయ రవాణా విధాన కమిటీ కూడా సమీకరణను ఎత్తివేయాలనే చెప్పింది. దూరం ఖర్చు తెలియనప్పుడు సరుకును అనవసరంగా దేశమంతా తిప్పుతారని, రైల్వేల మీద భారం పెరుగుతుందని దాని వాదన. సిమెంటు 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా నియంత్రణ నుంచి బయటపడింది. ఉక్కుకు 1992 జనవరిలో విముక్తి లభించింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వ సంస్కరణల జాబితాలో లైసెన్సు రాజ్ రద్దుకు దక్కిన కీర్తిలో వందో వంతు కూడా ఈ నిర్ణయానికి దక్కలేదు. దక్షిణాది ప్రధాని హయాంలో తూర్పు భారతానికి జరిగిన న్యాయం ఇది. బహుశా అందుకే ఇరుపక్కలా దీన్ని తలచుకునేవారు లేరు.

ఇంతవరకూ చెప్పింది విని, బిహార్ పేదరికమంతా ఢిల్లీ పాపమే అనుకుంటే అది పొరపాటు. పట్నా రాజకీయ నాయకులు ముప్ఫై ఏళ్లుగా వాడుకుంటున్న సాకు అదే. 1793 నాటి శాశ్వత శిస్తు విధానం బిహార్ గ్రామాన్ని జమీందార్లకు అప్పగించింది. ప్రభుత్వ యంత్రాంగం తహశీలు స్థాయిలో వేళ్లూనుకోలేదు. 1950లో భూసంస్కరణల చట్టం చేస్తే దర్భంగా మహారాజా కామేశ్వర్ సింగ్ కోర్టుకెక్కారు. రాజ్యాంగానికి తొలి సవరణ చేయవలసి రావడానికి ఆ కేసు ఒక ముఖ్య కారణం. చట్టం నిలిచినా, భూమి మాత్రం చాలా చోట్ల చేతులు మారలేదు. తొలి ప్రణాళికల కాలం నుంచీ తలసరి ప్రణాళిక వ్యయంలో బిహార్ అట్టడుగు వరుసలోనే ఉంది. ఢిల్లీలో బిహార్‌కు పలుకుబడి లేదనడానికీ వీల్లేదు. తొలి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ బిహారీ. ఉక్కు సమీకరణ కుదురుకుంటున్న 1956–62 మధ్య రైల్వే శాఖ జగ్జీవన్ రామ్ చేతిలో ఉంది. రైల్వే మంత్రులను బిహార్ ఇచ్చినంతగా మరే రాష్ట్రమూ ఇచ్చి ఉండదు. ఆ రైళ్ల మీద ఉక్కు బయటికి పోయింది, కొన్నాళ్లకు వాటి వెనకే కూలీలు పోయారు.

బెంగాల్ ఫిర్యాదులోనూ అతిశయోక్తి ఉంది. 1969లో నివేదిక ఇచ్చిన సుబిమల్ దత్ కమిటీ పారిశ్రామిక లైసెన్సుల్లో సింహభాగం నాలుగు రాష్ట్రాలకే దక్కిందని తేల్చింది. మహారాష్ట్ర, గుజరాత్, తమిళనాడుతోపాటు నాలుగోది పశ్చిమ బెంగాలే. ఘెరావ్‌ల కాలంలో కలకత్తా వదిలి పోయిన పెట్టుబడిని రవాణా చార్జీల లెక్కతో వివరించలేం. మరోవైపు, తమిళనాడు, కేరళ ముందుకు పోయింది చౌక ఉక్కు వల్లనే అనడం కూడా అన్యాయం. బడి, ఆస్పత్రి, మధ్యాహ్న భోజనం, సామాజిక ఉద్యమాలు చేసిన పనిని ఏ సబ్సిడీ చేయలేదు.

నా అంచనా ఇది. రవాణా చార్జీల సమీకరణ బిహార్‌ను పేదరికంలోకి నెట్టలేదు, అది ముందే పేదది. అందులోంచి ఎక్కి రావడానికి దానికున్న ఒకే ఒక్క నిచ్చెనను తీసేసింది. పరిశ్రమ ఒకచోట స్థిరపడ్డాక, దాని చుట్టూ కార్మికుల నైపుణ్యం, సరఫరాదారులు, బ్యాంకులు చేరాక, ధర తేడా మళ్లీ వచ్చినంత మాత్రాన అది లేచి వెనక్కి నడిచి రాదు. 1992లో విధానం పోయేసరికి లూధియానాకు రెండు తరాల సైకిల్ పరిశ్రమ అనుభవం ఉంది. దాల్మియానగర్ మిల్లులు 1984లోనే మూతపడ్డాయి. ఆ తర్వాత పుంజుకున్న ఉక్కు పరిశ్రమ ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లకు పోయింది. 2000 నవంబరు 15న గనులన్నీ జార్ఖండ్‌తో వెళ్లిపోగా, బిహార్‌కు వరదలు, జనాభా మిగిలాయి. 2013లో రఘురాం రాజన్ కమిటీ రాష్ట్రాల వెనుకబాటుతనానికి సూచీ తయారు చేస్తే అట్టడుగున ఒడిశా, దాని పైన బిహార్ నిలిచాయి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లు కూడా బాగా వెనుకబడిన పది రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి. దేశానికి బొగ్గు, ఇనుము పెట్టిన నాలుగు రాష్ట్రాలు ఒకే జాబితాలో కనబడడం యాదృచ్ఛికమని నేననుకోను.

తెలుగు పాఠకుడికి ఈ కథ పరాయిది కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం తర్వాత తెలంగాణ అడిగిన మొదటి ప్రశ్నల్లో మిగులు నిధులు ఏమయ్యాయన్నది ఒకటి. ఆ లెక్క తేల్చడానికే 1969లో జస్టిస్ భార్గవ కమిటీ వేయవలసి వచ్చింది. ‘మా వనరు, మీ అభివృద్ధి’ అన్న ఆవేదనను రాష్ట్ర రాజకీయాల్లో అంత బాగా అర్థం చేసుకున్న మనం, అదే ఆవేదన ధన్‌బాద్ నుంచి వినిపిస్తే మాత్రం ‘పోషణ’ అనే మాట ఎలా వాడగలుగుతున్నామో తెలియదు. విశాఖ ఉక్కు సంగతే చూడండి. ముప్ఫై మందికి పైగా ప్రాణాలర్పించి సాధించుకున్న కర్మాగారం అది. సొంత గనులు లేకపోవడమే దాని నష్టాలకు ముఖ్య కారణమని మనం గట్టిగా వాదిస్తాం, ఆ వాదనలో నిజముంది. దానికి ఖనిజం వచ్చేది బైలదిల్లా కొండల నుంచి, కిరండూల్–కొత్తవలస రైలు మార్గం మీదుగా. ఆ కొండలున్న దంతెవాడ ఆదివాసీకి ఆ రైలు వల్ల ఏం మిగిలిందన్న ప్రశ్న విశాఖ సభల్లో వినబడదు.

లెక్క ఇప్పుడు మళ్లీ తెరుచుకుంది. రాయల్టీ అంటే పన్నేనని, దాని మీద రాష్ట్రాలు మరో సుంకం వేయరాదని 1989లో ఇండియా సిమెంట్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ముప్ఫై అయిదేళ్లు రాష్ట్రాల చేతులు కట్టేసిన ఆ తీర్పును 2024 జూలై 25న తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం 8–1 మెజారిటీతో తోసిపుచ్చింది. రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద, ఖనిజ భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే అని తేల్చింది. ఆ కేసులో ఒక పక్క జార్ఖండ్‌లోని ఖనిజ ప్రాంత అభివృద్ధి సంస్థ, మరో పక్క సెయిల్. తీర్పు ఆనాటి నుంచి మాత్రమే వర్తించాలని కేంద్రం కోరింది. ఆగస్టు 14న కోర్టు అందుకు ఒప్పుకోలేదు. 2005 ఏప్రిల్ 1 తర్వాతి బకాయిలను రాష్ట్రాలు వసూలు చేసుకోవచ్చని, 2026 ఏప్రిల్ 1 నుంచి 12 ఏళ్లపాటు వాయిదాల్లో చెల్లించాలని, తీర్పుకు ముందు కాలానికి వడ్డీ, జరిమానా ఉండవని చెప్పింది. అంతకు ముందరి దశాబ్దాల ఖాతా అక్కడితో మూసుకుపోయినట్టే. జార్ఖండ్ శాసనసభ ఆ ఏడాదే ఖనిజ భూముల మీద సెస్ వేస్తూ చట్టం చేసింది. ఆ సెస్సు భారం ఉక్కు ధర మీద, కరెంటు చార్జీ మీద పడినప్పుడు, సమాఖ్య న్యాయం గురించి జంతర్ మంతర్ వద్ద మాట్లాడిన రాష్ట్రాలు జార్ఖండ్ వాదనను ఏమంటాయో చూడాలి.